ఎత్తిపోత

పొద్దుగాల్నే ఫోనొచ్చింది,
గుర్రంపోడు అవతల ఇద్దమ్మ తోట నుంచి.
"మల్ల కాలింది పిల్లగా, జెల్ది రా."
కాలిందంటే మోటారే.
ఈ ఎండకాలం ఇది మూడోసారి.

చైన్ పుల్లీ కట్టి, ఒక్కో పైపు ఇప్పుకుంట
ఎనిమిది వందల ఫీట్ల లోపలికెల్లి
దాన్ని పైకి తీసేసరికి మిట్టమధ్యాన్నమైంది.
కాయిలు మాడిన వాసన.
పైపు నోట్లెకెల్లి నీళ్లు రాలే,
తెల్లటి రాతిపిండి రాలింది.

బత్తాయి చెట్టు కింద కూసున్న.
టిఫిన్ మూత తీస్తుంటే ఎందుకో
చెయ్యి బెరడు మీద పడ్డది.
సల్లగున్నది.
తోటంత పెనం లెక్క కాలుతుంటే
ఇది మాత్రం సల్లగ.
అంటే నడుస్తున్నదన్నట్టు.

ఇరవై ఏండ్ల సంది నీళ్లను పైకి తెచ్చే పని నాది.
సిగ్గిడిచి అడిగిన చెట్టును:
ఎన్ని హెచ్.పి. నీది?
ఫుట్‌వాల్వు యాడ పెట్టుకున్నవు?

చెట్టు చెప్పలే.
ఇద్దమ్మ మనుమరాలు నవనీత చెప్పింది,
తొమ్మిదో తరగతి, చేతుల చింతకాయ.
"కింది నుంచి నెట్టుడు కాదు మామా, పైకెల్లి గుంజుడు.
ఆకు అడుగున సూదిమొన కంటె సన్నటి నోర్లుంటయి.
ఎండకు అండ్ల నుంచి తడి ఎగిరిపోతది.
పోయే చుక్క ఎనకున్న చుక్క చెయ్యి ఇడువది,
అది దాని ఎనకదాన్ని ఇడువది.
కొస కొమ్మ నుంచి వేరు నూగు దాక
ఒక్కటే తాడు."

తాడు అనంగనే మా తాత యాదికొచ్చిండు.
మోట కొట్టెటోడు.
ఎడ్లు వాలు దిగుతుంటె బొక్కెన బాయెక్కేది.
గంతేనా?
చెట్టుకు ఎండే ఎద్దు!
నన్ను మాడ్చే ఎండనే కాడికి కట్టి
చప్పుడు లేకుంట మోట కొడుతున్నది ఇది.

"మరి పైపులు?"
"అవి సచ్చినయే మామా.
బతికున్నన్ని దినాలు గోడలు గట్టిగ కట్టుకొని
లోపలిదంత ఖాళీ చేసి సచ్చిపోతయి.
గప్పుడే నీళ్లకు తొవ్వ."

కొంచెంసేపు ముద్ద దిగలే.
నేను బిల్లుల రాసే పైపులు
ఎన్నడూ బతికి ఎరగవు.

"తాడు తెగితే?"
"బుడగ పడతది. టిక్కుమంటదంట, మన చెవులకు అందదంట.
ఆ గొట్టం ఇంక ఒట్టిదే. పక్కదాంట్ల నుంచి పారిచ్చుకుంటది."
గాలి పట్టుడంటం మేం దాన్ని.
అయినా మొదలుకు చెవి ఆనిచ్చిన.
బోరుబండ్ల మోతకు ఎప్పుడో మొద్దుబారిన చెవి,
నా గుండె చప్పుడే ఇనపడ్డది.

ఒకటి మాత్రం పిల్లను అడగలే.
ఈ నీళ్లల్ల ఉన్నదాన్ని చెట్టు ఏం చేస్తదని.
ఆకులు చూస్తె తెలుస్తనే ఉన్నది:
పైకి వచ్చిన విషాన్ని కొసలకు నూకి
కొసలు మాడంగనే
ఆకునే రాల్చేస్తది.
మనిషికి రాల్చేటందుకు ఆకు లేదు.
పిలిస్తె ఇద్దమ్మ మెడ తిరగది,
మనిషంత తిరుగుతది.

పొద్దు గూకే యాళ్లకు మోటారును బండికి కట్టిన.
పైసలు తర్వాత ఇస్తనన్నది,
నిమ్మకాయలంత బత్తాయిలు సంచిల పోసింది.
మధ్యాన్నం దొప్పల్లెక్క ముడుచుకున్న ఆకులు
ఒక్కొక్కటి ఇచ్చుకుంటున్నయి.
ఎవ్వరూ స్విచ్చు వెయ్యలే,
కాలువల తడి లేదు,
మట్టి రేణువుల నడుమ ఏ కాస్త పదును దాగున్నదో
వేరు నూగుకే ఎరుక.

"ఎన్నొద్దులు పడతది పిల్లగా?"
నాలుగొద్దులన్న. అబద్ధమే, వారం పడతది.
ఆమె నన్నేమనలే.
మనిషంత తిరిగి
చెట్లను అడిగింది.